ఎవరిదీ కాని రికార్డు

డోర్కాస్ సూట్‌కేసును మంచం మీద తెరిచి పెట్టి కత్తెర తీసుకుంది. చొక్కాల కాలర్ల లోపల దర్జీ కుట్టిన పేరు పట్టీలను ఒక్కొక్కటిగా కత్తిరించింది. చెప్పులకు చుట్టిన తెలుగు పేపరు తీసేసి ప్లాస్టిక్ కవర్లో పెట్టింది. సబ్బుపెట్టె మూత మీద ఎవరో గోరుతో గీసిన శిలువ కనిపిస్తే, పెట్టెనే పక్కన పడేసి కొత్తది పెట్టింది.

వాళ్ళ గూఢచార విభాగంలో అదొక ఆచారం. రహస్యంగా వెళ్ళేవాడు తన సంచి తాను సర్దుకోకూడదు. మనిషి తన చేత్తో సర్దుకుంటే ఏ మూలనో ఇల్లు దూరుతుంది. అందుకని అతని బాధ్యత ఎవరిదో వాళ్ళే సర్దాలి. సాగనంపడానికి ఎవరూ ఎయిర్‌పోర్టుకు వెళ్ళకూడదు. ఇన్నేళ్ళలో డోర్కాస్ చాలా సంచులు సర్దింది. వాటిలో కొన్ని తిరిగి రాలేదు.

"అక్కా, ఆ మామిడికాయ తొక్కు జర ఉండనీ" అన్నాడు ఆశేర్ గుమ్మం దగ్గర నిలబడి.

"తొక్కు తింటవా, బతుకుతవా? ఒకటి చెప్పు."

"రెండూ చేస్త."

"నీ పేరేంది?"

"లలిత్. ఊరు షాద్‌నగర్. ఫ్యాక్టరీల పని పోయింది. నాకు అమ్మ లేదు, అక్క లేదు."

"అక్క లేదని గంత ఖుషీగ చెప్పకు" అంటూ ఆమె సూట్‌కేసు మూసింది.

ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి విమాన విడిభాగాల డ్రాయింగులు దొంగిలించి బ్యాంకాక్‌లో అమ్ముకునే ఒక విదేశీ ముఠా ఉంది. విభాగం దానికి 'కొక్కెర' అని పేరు పెట్టింది. డ్రాయింగులు చేరవేయడానికి ఆ ముఠా పని దొరకని కుర్రాళ్ళను పెట్టుకుంటుంది. అలా చేరిన ముగ్గురిలో ఆశేర్ ఒకడు. మిగతా ఇద్దరూ నిజంగానే పని పోయిన షాద్‌నగర్ పిల్లలు. తాము మోస్తున్నదేమిటో కూడా వాళ్ళకు తెలియదు. ముగ్గురూ ఆ ఉదయం ఒకే విమానంలో వెళ్ళారు.

విమానం లేచిన కాసేపటికి డోర్కాస్ ఆఫీసుకు చేరింది. శంషాబాద్ రోడ్డు మీద కొండల్ టెంట్ హౌస్ పైఅంతస్తే ఆ ఆఫీసు. కింద కొండల్ నిజంగానే షామియానాలు కిరాయికిస్తాడు, నిజంగానే కాపలా కాస్తాడు. వినాయక నిమజ్జనం అయిపోయి, బాలాపూర్ నుంచి తిరిగొచ్చిన గుడ్డలు మెట్ల నిండా ఆరేసి ఉన్నాయి.

"పెద్దసారు పరేషాన్ల ఉన్నడక్కా. గడ్డం గోక్కుంటున్నడు" అని హెచ్చరించాడు కొండల్.

భాస్కరరావు గారు విభాగానికి అధిపతి. కాకినాడ నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డ మర్యాదస్తుడు. గూఢచర్యంలో ఆయనకు క్షుణ్ణంగా తెలిసిన భాగం సెలవుల నిబంధనలు.

"కూర్చోండమ్మా" అన్నారు. "ఇప్పుడే ఒక మెసేజ్ మన చేతికి చిక్కింది. ఇక్కడి నుంచి ఎవరో కొక్కెరకు పంపారు. 'ముగ్గురు కొరియర్లలో ఒకడు విభాగం మనిషి. పేరు విమానం దిగేలోపు మీకే దొరుకుతుంది.' అంతే."

"పేరు దొరకకపోతే?"

"ముగ్గురినీ సముద్రంలో కలిపేస్తారట. వెతికే శ్రమ ఉండదు కదండీ."

మూడున్నర గంటల ప్రయాణంలో అప్పటికే కొంత గడిచింది. ఆశేర్ అసలు పేరు ముగ్గురికే తెలుసు. ఒకరు డోర్కాస్. రెండోవాడు, ఆమెకు ముందు ఆ కేసు చూసి పది రోజుల క్రితం స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసిన యెషయా. మూడోది కంప్యూటర్లో ఉన్న అతని రికార్డు. యెషయా నోరు విప్పడు. డోర్కాస్ విప్పలేదు. ఇక మిగిలింది రికార్డు.

విభాగం రికార్డులన్నీ 'కవచం' అనే వెబ్ అప్లికేషన్‌లో ఉంటాయి. ఆ పేరు పెట్టడానికి మూడు మీటింగులు జరిగాయి. తలుపులు సరిగ్గా పడుతున్నాయా అని చూడటానికి ఒక్కటీ జరగలేదు.

దాన్ని తయారుచేసిన కంపెనీ తరఫు ప్రోగ్రామర్ చైతన్య ఏసీ గదిలో కూర్చుంటాడు. డోర్కాస్ వెళ్ళేసరికి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తల ఊపుతున్నాడు. ఆమె ఒకటి లాగి, అతని పక్క కంప్యూటర్లో లాగిన్ అయి ఆశేర్ రికార్డు నంబరు కొట్టింది. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. 'ఈ రికార్డు మీది కాదు.'

"నాది కాదంట. ఆ కేసు నాదే."

"సిస్టమ్‌కి అలా తెలియదు మేడమ్" అన్నాడు చైతన్య, చిన్నపిల్లకు చెబుతున్నట్టు. "ఫ్రేమ్‌వర్క్ సింపుల్‌గా ఒకటే చూస్తుంది. రికార్డులో ఓనర్ అని ఒక గడి ఉంటుంది. లాగిన్ అయినవాళ్ళ నంబరు, ఆ గడిలో నంబరు ఈక్వల్ అయితే తలుపు తీస్తుంది. లేకపోతే తీయదు. వెరీ సెక్యూర్."

"ఆ గడిలో ఎవరున్నరు?"

"యెషయా సార్ ఉండేవారు. ఆయన వెళ్ళిపోయారు కదా, అకౌంట్ డిలీట్ చేశాం. గడి ఖాళీ అయింది."

"నా పేరు ఎందుకు ఎక్కలే?"

"కేసు మీకు అప్పగించినట్టు హ్యాండోవర్ టికెట్ రాలేదు మేడమ్."

హ్యాండోవర్ జరిగింది నిజమే. ఇరానీ హోటల్లో రెండు టీల మధ్య జరిగింది. ఆ విభాగంలో ఏళ్ళ తరబడి అలాగే జరుగుతోంది. కొత్తగా వచ్చినది అకౌంటు తుడిచేయడం. రిటైరయ్యేవాళ్ళకు దండ, శాలువా, గ్రూప్ ఫోటో అయ్యాక, మధ్యాహ్న భోజనంలోపు కంప్యూటర్ అకౌంటు తుడిచేయాలి. అప్పుడే బాకీలేమీ లేవన్న సర్టిఫికెట్ చేతికొస్తుంది. దానికి 'క్లీన్ ఎగ్జిట్' అని పేరు. దండలో పూల రంగు దగ్గర్నుంచీ అందులో అన్నీ ఆలోచించారు. వెళ్ళిపోయినవాడి రికార్డులు ఎవరివి అన్నదొక్కటే ఆలోచించలేదు.

"ఎవరికీ తెరుచుకోదన్న మాట" అంది డోర్కాస్.

"ఎగ్జాక్ట్‌లీ. జీరో రిస్క్."

మాటల్లో చాలాసేపు ముట్టుకోకపోవడంతో కంప్యూటర్ ఆమెను దానంతటదే లాగౌట్ చేసింది. చూసుకోకుండా డోర్కాస్ మళ్ళీ అదే పేజీ నొక్కింది.

రికార్డు తెరుచుకుంది. ఆశేర్ ఫోటో, అసలు పేరు, ముఠాలో వాడే పేరు, తండ్రి పేరు, అన్నీ కళ్ళెదుట పరుచుకున్నాయి.

చైతన్య తల ఊపడం ఆపాడు.

"నేను నేనుగా వస్తే గెంటేసింది" అంది డోర్కాస్ మెల్లగా. "ఎవరూ కాకుండ వస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఇదేంది బాబూ?"

"అంటే... ఓనర్ గడి ఖాళీ. లాగిన్ అవ్వలేదు కాబట్టి వచ్చినవాళ్ళ నంబరు కూడా ఖాళీ. ఖాళీ, ఖాళీ ఈక్వల్ అవుతాయి కదా మేడమ్. అందుకని మీరే ఓనర్ అనుకుంది." గొంతు సవరించుకున్నాడు. "ఇది ఎడ్జ్ కేస్, ఎప్పుడో గానీ జరగదు."

"ఎంతమంది వెళ్ళిపోయారు ఈ ఏడాది?"

"ఏడుగురు."

"ఏడుగురి రికార్డులూ దారినపోయే దానయ్యకు తెరిచి పెట్టినవ్. ఎవరన్నా చూసిండ్రా?"

అతను ఏవో మీటలు నొక్కాడు. "ఉదయం నుంచి బయటివాళ్ళు ఎవరో వరసగా చూస్తున్నారు. ఒకటో నంబరు నుంచి ఒక్కొక్కటీ తట్టుకుంటూ వస్తున్నారు. తెరుచుకున్నవి కాపీ చేసుకుంటున్నారు. ఇప్పుడు మూడువేల ఎనిమిది వందల్లో ఉన్నారు."

ఆశేర్ రికార్డు నంబరు నాలుగువేల రెండు వందల పదిహేడు.

"బంద్ చెయ్."

"సర్వర్ ఆపాలంటే చేంజ్ రిక్వెస్ట్ పెట్టాలి మేడమ్. సార్ సంతకం, తర్వాత మా హెడ్ ఆఫీస్ అప్రూవల్. సోమవారానికి అయిపోతుంది."

అతన్ని కొట్టడానికి సమయం లేదు. పైగా ఆపినా లాభం లేదని ఆమెకే తోచింది. ఆపితే ముఠాకు పేరు దొరకదు. పేరు దొరకకపోతే ముగ్గురూ సముద్రంలోకే. తలుపు తెరిచే ఉండాలి. లోపల దొరికే పేరు మారాలి.

"ఈ క్లీన్ ఎగ్జిట్ ఎవరి తెలివి?"

"మృదుల మేడమ్‌ది."

మృదుల ట్రాన్సిషన్ కన్సల్టెంట్. ఆ ఉద్యోగమేమిటో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. ఆమె అందగత్తె. పట్టుచీర కట్టుకుని మీటింగులోకి వస్తే, దేశ రహస్యాలు మోసే పెద్దమనుషులు కుర్చీలు జరిపి, పొట్టలు లోపలికి లాక్కునేవారు. "మీకింక విశ్రాంతి కావాలి సార్" అని ఆమె మెత్తగా అంటే, ఏడుగురు అనుభవజ్ఞులు విశ్రాంతి తీసేసుకున్నారు. ప్రతి వీడ్కోలు సభలోనూ పూలగుత్తి పట్టుకుని ఫోటోలో మధ్యన నిలబడేది. ఏడుగురూ అది తమ మీద అభిమానం అనుకున్నారు.

"ఆ మేడమ్ ఇయ్యాల లీవ్‌ల ఉంది" అన్నాడు కింద నుంచి పైకొచ్చిన కొండల్. "పెద్ద పెట్టెతోని క్యాబ్ ఎక్కి ఆరాంఘర్ దాటిందంట. చుట్టాల పెండ్లికి సింగపూర్ పోతున్నదంట."

డోర్కాస్ అలమార తెరిచింది. అందులో విభాగం వారి ఆధునిక పరికరాలున్నాయి. బొత్తాం కెమెరాకు ఛార్జింగ్ పిన్ను లేదు. పిన్ను కోసం ఇండెంటు పెట్టారు. దూరంలోని మాటలు పట్టే చెవి మిషన్ ఒక్కటే పనిచేస్తుంది. అది పెట్టుకుని, వెలిసిన నేత చీర కట్టుకుని, కొంగు తల మీదుగా ముఖం దాకా లాక్కుని, చేతిలో నీళ్ళ క్యాన్ పట్టుకుంది. కొండల్ తలకూ ముఖానికీ తువ్వాలు చుట్టుకున్నాడు. గల్ఫ్‌కు వెళ్ళే కొడుకును సాగనంపడానికి వచ్చిన తల్లి, మేనమామ తయారయ్యారు.

ఎయిర్‌పోర్టులో ఏడుస్తున్న ఆడమనిషిని ఎవరూ చూడరు. చూస్తే ఓదార్చాల్సి వస్తుందని ముఖం తిప్పుకుంటారు. డిపార్చర్స్ గేటు ముందు ఆ రోజూ అలాంటివాళ్ళు బోలెడుమంది ఉన్నారు. టికెట్ ఉన్నవాడు లోపలికి పోతాడు. లేనివాళ్ళు అద్దానికి ముఖం ఆనించి, ఆ వీపు జనంలో కలిసిపోయేదాకా చూస్తారు. డోర్కాస్ స్తంభానికి ఆనుకుని ఏడవడం మొదలుపెట్టింది. అందుకు ఆమె పెద్దగా కష్టపడలేదు.

పక్కనే కాఫీ షాపులో మృదుల నల్లకళ్ళద్దాలతో కూర్చుని ఫోన్లో ఇంగ్లీషులో మాట్లాడుతోంది. చెవి మిషన్ గరగరలాడి, తర్వాత మాట స్పష్టమైంది.

"...పాస్‌వర్డ్ అక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పాలి? లాగిన్ అవ్వొద్దు. లాగిన్ అయితే తెరుచుకోదు. ఊరికే నంబర్లు తట్టుకుంటూ వెళ్ళండి. పేరు దొరకగానే నాకు చెప్పండి. నేను బయల్దేరతాను."

లాగిన్ కాకపోతేనే తెరుచుకుంటుందన్న సంగతి చైతన్యకే గంట క్రితం దాకా తెలియదు. ఈమెకు ముందే తెలుసు.

"గీమెనా?" అన్నాడు కొండల్ పళ్ళ మధ్య నుంచి. "ఏడుగురికి శాలువాలు కప్పింది. అన్ని నేనే తెచ్చిచ్చిన. థూ!"

"ఉమ్మకు. ఏడువు."

డోర్కాస్ భాస్కరరావు గారికి ఫోన్ చేసింది. "సార్, ముఠాకు ఒక పేరు కావాలి. ఇస్తున్నాను. ఆ షాద్‌నగర్ పిల్లల పేర్లు మాత్రం కాదు."

అటువైపు ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. ఆ పేరుగలవారు బతకరని ఆయనకు అర్థమైంది. "అమ్మా, లిఖితపూర్వకంగా నాకేమీ తెలియజేయకండి" అని పెట్టేశారు. ఆ విభాగంలో ధైర్యం అంతవరకే దొరుకుతుంది.

ఆమె స్తంభం వెనక చతికిలబడి, కొండల్ ఫోన్లో చైతన్యను లైన్లో పెట్టి, లాగిన్ కాకుండా తన ఫోన్లో ఆశేర్ రికార్డు తెరిచింది. ఎవరూ కానివాళ్ళకు చదివే హక్కే కాదు, దిద్దే హక్కు కూడా కవచం ఉదారంగా ఇచ్చింది. ఆశేర్ పేరు కొట్టేసింది. తండ్రి పేరు కొట్టేసింది. ముఠాలో వాడే పేరు కొట్టేసింది. ఫోటో తీసేసింది. యెషయా వీడ్కోలు సభ గ్రూప్ ఫోటోలోంచి మధ్యనున్న ముఖాన్ని కత్తిరించి అక్కడ అంటించింది. తర్వాత ఇంగ్లీషులో గబగబా రాసింది. 'మృదుల. విభాగం ఏజెంటు. కొక్కెరకు అమ్ముడుపోయినట్టు నటిస్తోంది. ముఠాకు నమ్మకమైన కొరియర్ల మీద అనుమానం నాటి, ఆ కొరియర్లను ముఠా చేతే చంపించడం ఆమెకు అప్పగించిన పని.'

దొంగలు దేన్నీ సులభంగా నమ్మరు. కానీ తమ మనిషే తమను మోసం చేసిందంటే మాత్రం రెండో మాట అడగకుండా నమ్ముతారు.

సేవ్ నొక్కింది. ఎర్రటి అక్షరాలు. 'ఓనర్ గడి తప్పనిసరిగా నింపండి.'

"చైతన్యా! గడి నింపమంటున్నది! నింపితే వాడికి తెరుచుకోదు!"

"అవును మేడమ్, సేవ్ చేసేటప్పుడు అది మాండేటరీ. డేటా క్వాలిటీ కోసం" అన్నాడతను ఫోన్లో. "వాడు నాలుగువేల రెండు వందలు దాటాడు."

"ఖాళీగ లేకుండ, ఖాళీ అయ్యేదేమన్న ఉందా? తొందరగ చెప్పు!"

"ఒకటుంది... కానీ అది కూడా బగ్గే మేడమ్. డిలీట్ అయినవాళ్ళ నంబరు ఇస్తే ఫారం ఒప్పుకుంటుంది. తర్వాత తలుపు దగ్గర ఆ మనిషి కోసం వెతుకుతుంది, ఎవరూ దొరక్క మళ్ళీ ఖాళీ అనుకుంటుంది. నెక్స్ట్ వెర్షన్‌లో ఫిక్స్..."

"ఇయ్యాల మాత్రం ముట్టుకోకు."

యెషయా నంబరు ఆమెకు కంఠతా వచ్చు. పన్నెండేళ్ళు ఆయన పక్క బల్ల మీద పనిచేసింది. ఆ నంబరు కొట్టి సేవ్ నొక్కింది. చిన్న చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఎయిర్‌పోర్టు నెట్‌వర్కు మీద ఆమెకు ఇంతకుముందూ గౌరవం లేదు.

"పది... పదకొండు... మేడమ్, పన్నెండు..." అని లెక్కపెడుతున్నాడు చైతన్య.

చక్రం ఆగింది. పచ్చటి టిక్కు పడింది.

"ఓపెన్ చేశాడు!" అని అరిచాడు చైతన్య. "మేడమ్, వాడు ఆగిపోయాడు. తర్వాతి నంబర్లు తట్టట్లేదు."

కావలసినది దొరికింది కాబట్టి ఆగాడు.

కాఫీ షాపులో మృదుల ఫోన్ మోగింది. "దొరికిందా? గుడ్. ఎవరు? సరే, వచ్చాకే చెప్పండి" అని నవ్వింది. "లేదు, సింగపూర్ కాదు, ఆఫీసులో అలా చెప్పాను. నేరుగా అక్కడికే వస్తున్నాను. ఎయిర్‌పోర్టుకే వస్తారా? ఎందుకండీ అంత మర్యాద!"

లేచి పెట్టె లాక్కుంటూ గేటు వైపు నడిచింది. స్తంభం దగ్గర కూలబడి ఏడుస్తున్న ముసలామెను చూసి ఆగింది. ఎందుకు ఆగిందో తెలియదు. హ్యాండ్‌బ్యాగులోంచి ఒక టిష్యూ తీసి ఇచ్చింది.

"ఊరుకోండమ్మా. వెళ్ళినవాళ్ళు వస్తార్లే."

డోర్కాస్ ఆమె చెయ్యి పట్టుకుంది. అనాలని అనుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది. "పోకు బిడ్డా."

మృదుల ఫక్కున నవ్వింది. "నేను మీ అమ్మాయిని కాదమ్మా, సరిగ్గా చూడండి." చెయ్యి విడిపించుకుని, నాలుగడుగులు వేశాక, సీసాలోంచి శానిటైజర్ రెండు చుక్కలు అరచేతిలో పోసుకుని రుద్దుకుంది. గేటు దగ్గర టికెట్ చూపించి లోపలికి వెళ్ళిపోయింది.

"ఆపుదమా అక్కా?" అన్నాడు కొండల్. "ఇంక టైముంది. పట్టుకుని జైల్ల ఏయొచ్చు."

డోర్కాస్ మళ్ళీ ఫోన్ చేసింది. భాస్కరరావు గారు అంతా విని, దగ్గి అన్నారు. "ఆవిడ ప్రయాణం ఆపితే, ఆ రికార్డు అబద్ధమని వాళ్ళకు తెలిసిపోతుంది కదండీ. ముగ్గురు పిల్లలు ఇంకా గాలిలో ఉన్నారు. పైగా ఆవిడ సెలవు నేనే మంజూరు చేశాను."

ఆయన చెప్పినదాంట్లో మొదటి భాగం నిజం. అది ఆయన నోట రావడమే ఆమెకు రోత పుట్టించింది. డోర్కాస్ అద్దం దగ్గరికి వెళ్ళి, మిగతా తల్లుల పక్కన నిలబడి, ఆ పట్టుచీర జనంలో కలిసిపోయేదాకా చూసింది. టిష్యూ చేతిలోనే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం బ్యాంకాక్‌లో దిగిన ముగ్గురు కొరియర్లకు ముఠావాళ్ళు క్షమాపణ చెప్పి బిర్యానీ తినిపించారట. ఆ పేరు చదివి సంబరపడ్డ పెద్దమనుషులు, తమ ఇంట్లో ఇంకెందరు మృదులలున్నారోనని ఒకరినొకరు వెంటాడుకోవడం మొదలుపెట్టారు. ఆరు వారాల్లో కొక్కెర దానంతటదే చీలింది. మిగిలినవాళ్ళను పట్టుకోవడానికి అక్కడి పోలీసులకు ఒక వ్యాను సరిపోయింది.

కవచంలో ఒక్క వరస కొత్తగా చేర్చారు. ఓనర్ లేకపోతే, వచ్చినవాడు ఎవరో తెలియకపోతే, తలుపు తీయకూడదు. ఆ వరస రాయడానికి చైతన్యకు రెండు నిమిషాలు పట్టింది. ఆమోదానికి నెల పట్టింది. దానికి అతని కంపెనీ భద్రతలో నూతన ఆవిష్కరణ అని ఒక సభ పెట్టి, అతనికి జ్ఞాపిక ఇచ్చింది. భాస్కరరావు గారు ముఖ్య అతిథిగా వెళ్ళి శాలువా కప్పారు. కన్సల్టెంట్ గారు సెలవు పొడిగించమని ఒక్క అర్జీ అయినా పెట్టకుండా ఇలా చేయడం బాధ్యతారాహిత్యమని ఆయన ఇప్పటికీ నొచ్చుకుంటారు.

ఆశేర్ అక్టోబరు చివర్లో వచ్చాడు. షాద్‌నగర్ పిల్లలిద్దరూ అతనితోపాటే వచ్చారు. మృదుల తిరిగి రాలేదు. ఆమె వెళ్ళింది సెప్టెంబరు పన్నెండు, శుక్రవారం మధ్యాహ్నం.